బీడీల గల్లీలో గ్యాస్ ఎటు పోయింది?

గ్యాస్ ఏజెన్సీలో మెకానిక్‌లుగా చేరబోయే పిల్లలు ఈ మధ్య నా దగ్గరికి వచ్చి, "లింగన్నా, ఏమేం నేర్చుకోవాలె?" అని అడుగుతున్నారు. స్పానర్ పట్టుకోవడం, రబ్బరు పైపు మార్చడం, బర్నర్ కడగడం నాలుగు రోజులు తిరిగితే వాటంతటవే వస్తాయి. వాటికి నేనెందుకు? నేను నిజామాబాద్‌లో ఎనభైల్లో ఈ పనిలోకి దిగి, రెండువేలు దాటాక మానేశాను. అన్నేళ్లూ చేసిందేమిటయ్యా అంటే, ఊరివాళ్ల వంటిళ్లలోకి వెళ్లి వాసన చూడటం. నవ్వేవాళ్లు నవ్వండి. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

ఇక్కడ రాసేది ముఖ్యంగా యూసుఫ్ భాయ్ గురించి. మా ఏజెన్సీలో రిక్షా మీద సిలిండర్లు ఇళ్లకు చేర్చే మనిషి. ఒక బీడీల గల్లీలో ఆయన మీద దొంగ అన్న మాట పడింది. ఆ గల్లీలో గ్యాస్ ఎటు పోతోందో తేలితే తప్ప ఆయన ఇజ్జత్ నిలిచేలా లేదు. అయితే ముందు వాసన సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాతది బుర్రకెక్కదు.

కంపు కొడితే మంచిదే

వంట గ్యాస్‌కు సొంత వాసన లేదు. లీకయితే తెలియాలని కంపెనీవాళ్లు కావాలనే అందులో ఒక కంపు కలుపుతారు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు భలే ఆశ్చర్యం వేసింది. డబ్బులిచ్చి కంపు కలిపే వ్యాపారం ఇంకెక్కడైనా ఉందా? కుళ్లిన క్యాబేజీలా, మురిగిన గుడ్డులా కొడుతుంది. అందుకే కుళ్లిన క్యాబేజీ ఇంట్లో ఉన్నా జనం మాకే కబురు పెట్టేవాళ్లు.

మొదట్లో బోధన్ కూడా మా కిందే ఉండేది. అక్కడ చెరకు ఆడే రోజుల్లో ఊరంతా మొలాసిస్ వాసనే. బస్సు దిగగానే ముక్కు నిండిపోయేది. ఆ ఊళ్లో ఒక రిటైర్డు హెడ్మాస్టరు గ్యాస్ లీకవుతోందని మాటిమాటికీ కబురు పెట్టేవాడు. నేను వెళ్లడం, సబ్బు నీళ్లు పూసి చూడటం, ఒక్క బుడగైనా రాకపోవడం. ఆయన మాత్రం, "నా ముక్కు అబద్ధం చెప్పదయ్యా!" అని ఎగిరేవాడు. చివరికి నేను కూడా పంతానికి పోయి వంటింట్లో ఉన్నవన్నీ బయటపెట్టిస్తే, బియ్యం డబ్బా వెనక ఒక పందికొక్కు చచ్చి పడి ఉంది. హెడ్మాస్టరు నా మొహం చూడలేక పేపరు చదువుకోవడం మొదలుపెట్టాడు.

ఆఫీసుకు వచ్చి ఆ ముచ్చట చెబుతూ పడి పడి నవ్వాను. మా ఓనరు మిలిటరీలో చేసిన ఒక ఫౌజీ భార్య. భర్త పోయాక ఆమెకు ఏజెన్సీ ఇచ్చారు. మేడం అనేవాళ్లం. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది, కానీ ఊరికే అరిచే మనిషి కాదు.

"నవ్వుతున్నవా లింగం?" అంది. "సచ్చిన పందికొక్కును గ్యాస్ అనుకున్నోడు బతుకుతడు. గ్యాస్‌ను సచ్చిన పందికొక్కు అనుకున్నోడు బతకడు. రేపు మళ్ల పిలిచినా పో."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత ఉత్త ఫిర్యాదు అని నేనెప్పుడూ విసుక్కోలేదు, మీరూ విసుక్కోకండి. పిలిచే ముక్కు మంచి ముక్కు.

కిందికి పారుతుంది

రెండో సంగతి. గ్యాస్ గాలి కంటే బరువు. లీకయితే పొగలా పైకి పోదు, నేలను పట్టుకుని పాకుతుంది, మూలల్లో నిలుస్తుంది. అందుకే సిలిండర్ నేల మీద ఉండాలి, స్టౌ దానికంటే ఎత్తులో గట్టు మీద ఉండాలి.

నందిపేట్‌లో ఒక పసుపు రైతు ఇంట్లో కొత్తగా కనెక్షన్ తీసుకున్నారు. వెళ్లి చూస్తే అంతా తలకిందులు. సిలిండర్‌ను పీట మీద ఎక్కించి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పూలదండ వేశారు. స్టౌ మాత్రం కింద, పాత కట్టెల పొయ్యి ఉన్న చోటే. సిలిండర్ ముందు నేల మీద నూనె దీపం వెలుగుతోంది.

"అవ్వా, ముందు దీపం బయట పెట్టు" అని రైతు తల్లితో అన్నాను.

"లచ్చిమి ముంగట దీపం తీస్తరా కొడుకా? ఇయ్యాల్నే ఇంట్లకొచ్చింది."

"లచ్చిమే గని, దీని కడుపుల మంట ఉన్నదవ్వా. ఇందులకెల్లి గ్యాస్ ఎల్లితే నీళ్లలెక్క కిందికే పారుతది. సక్కగ నీ దీపం కాడికే వస్తది."

ఆమె నేల వంక కాసేపు చూసి, "నీళ్లయితే కనవడ్తయి గద. ఇది కనవడకుంట పారుతదా?" అని అడిగింది. భలే మంచి ప్రశ్న. కనపడదు కాబట్టే కంపు కలిపారు అని ఇప్పుడైతే చెబుతాను. ఆమె దీపం తీసుకెళ్లి అవతలి గదిలో దేవుడి గూట్లో పెట్టింది, నేను సిలిండర్‌ను నేల మీదికి దించి స్టౌను గట్టు మీదికి ఎక్కించాను. బొట్లు నేను తుడవలేదు. బొట్టుతో ప్రమాదమేమీ లేదు, దీపంతోనే.

ఇంకొక రకం ఉంటారు. అగ్గిపుల్ల గీసి, పైపు పొడుగునా పట్టి లీకు వెతికేవాళ్లు. చదువుకున్నవాళ్లలోనూ ఉన్నారు, చదువు రానివాళ్లలోనూ ఉన్నారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. చిటికెడు సబ్బు పొడి, గిన్నెడు నీళ్లు చాలవా? నురగ పూయండి, బుడగ లేచిన చోట లీకు. అంతకంటే పెద్ద విద్య ఇందులో లేదు.

ఫిర్యాదు రాని గల్లీ

మహిళా సంఘాల వాళ్లకు సర్కారు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చిన రోజుల్లో నిజామాబాద్‌లో ఒక బీడీల గల్లీకి మేం చాలా స్టౌలు బిగించాం. అప్పటిదాకా కట్టెలు ఊది కళ్లు మండించుకున్న ఆడవాళ్లు. నీలి మంట చూసి చిన్నపిల్లల్లా సంబరపడ్డారు.

కొన్నాళ్లకు నాకొక వింత తట్టింది. ఊరు నలుమూలల నుంచీ వాసన వస్తోందని కబుర్లు వస్తున్నాయి. ఈ గల్లీ నుంచి ఒక్కటీ రాదు. ఎంత జాగ్రత్త గల మనుషులో అనుకున్నాను. యూసుఫ్ భాయ్‌ని అడిగితే ఆయనకూ తెలియదు. గల్లీ ఇరుకు, రిక్షా లోపలికి పోదు. ఆయన గల్లీ మొదట్లోనే సిలిండర్లు దింపితే ఆడవాళ్లే దొర్లించుకుంటూ ఇళ్లకు తీసుకుపోయేవాళ్లు. అలా దొర్లించకూడదని చెబితే వింటారా? బిందెలు మోసే చేతులు, వాళ్లకు అదొక లెక్కా!

ఆ గల్లీ నుంచి వచ్చిన ఫిర్యాదు వేరే రకం. గ్యాస్ తొందరగా అయిపోతోందట. మొదట ఒక ఇల్లు, తర్వాత నాలుగైదు ఇళ్లు. ఒకరోజు యూసుఫ్ భాయ్ సిలిండర్లు దింపుతుండగా గంగామణి అనే ఆమె గల్లీ నడుమ నిలబడి అడిగేసింది. బీడీలు చేసి అత్తను, ఇంటిని సాకే మనిషి. నోరు గట్టిది.

"ఏం యూసుఫ్ అన్నా, తొవ్వల ఎవరింట్ల గుంజుతున్నవ్ మా గ్యాసు? పక్క గల్లీల అన్నేసి దినాలు వస్తది, మాకెందుకు రాదు? దొంగతనం కాకుంటె ఏందిది?"

ఒకరు అంటే పదిమంది వంత పాడారు. యూసుఫ్ భాయ్ ఖాళీ సిలిండర్లు కూడా ఎక్కించుకోకుండా ఆఫీసుకు వచ్చేశాడు. చెమట తుడుచుకునే తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటున్నాడు. ఇన్నేళ్లలో ఆ మనిషిని అలా చూడలేదు.

"లింగం భాయ్, అల్లా కసమ్, నేను సీలు కూడ ముట్టలే. మా బస్తీల తెలిస్తే నా బిడ్డల మొఖం ఎట్ల సూడాలె?"

మేడం అంతా విన్నది. "నాకు నీ మీద అనుమానం లేదు యూసుఫ్. గని పదిమంది ఒక్కతీరుగ అంటున్నరు. లింగం, నువ్వు కాంటా పట్టుకోని ఎంబడి పో. తూకం తక్కువొస్తే మనిషిని మారుస్త. సరిగ్గొస్తే, గ్యాస్ ఎటు పోతుందో చూసిందాంక వాపస్ రాకు" అంది.

కాంటా చెప్పింది, గల్లీ నమ్మలేదు

మర్నాడు గల్లీ మొదట్లో, అందరి ముందర, ఒక్కొక్క సిలిండర్‌నూ కాంటాకు వేలాడదీశాను. అన్నీ నిండు తూకం. సీళ్లు కూడా చూపించాను. యూసుఫ్ భాయ్ మొహం కొంచెం తేటపడింది.

గంగామణి ఒప్పుకుంటే కదా! "ఇయ్యాల నువ్వున్నవ్ గాబట్టి నిండుగ తెచ్చిండు" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ ఆలోచిస్తే ఆమె మాటలో తప్పేముంది? నేనైనా అదే అనేవాణ్ణేమో. తూకం సరిగ్గా ఉండి గ్యాస్ ఆగట్లేదంటే పోయే దారి ఇంట్లోనే ఉండాలి.

"సరే చెల్లె, నీ ఇంట్ల ఒకసారి సూస్త" అన్నాను.

"రా, సూడు. నా ఇంట్ల ఏం దాసిన్నా?" అని ముందు నడిచింది. యూసుఫ్ భాయ్ రాలేదు. దొంగ అన్న ఇంటి గడప తొక్కనని రిక్షా దగ్గరే నిలబడిపోయాడు.

వాన రోజులు. ఇంట్లో బీడీల్లోకి వేసే తంబాకు ఘాటు. పట్టపగలు బల్బు వెలుగుతోంది, కిటికీ మూసి ఉంది. బీడీలు చేసే ఇళ్లలో కిటికీలు తెరవరు, ఫ్యాన్ వేయరు. గాలికి చాటలో తంబాకు లేచిపోతుంది, తడిపిన తునికాకు ఎండి విరుగుతుంది. గంగామణి అత్త గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. ఆమె పక్కనే, చేతికి అందేటట్టు, నేల మీదే స్టౌ. మేం బిగించిన రోజు ఒక బల్ల మీద పెట్టాం. వీళ్లు కిందికి దించుకున్నారు. ఒక చేత్తో అన్నం చూసుకుంటూ బీడీలు చేసుకోవాలంటే కింద కూర్చోవాలి కదా.

నేను కుడికాలు లోపల పెట్టానో లేదో, తంబాకు ఘాటులోంచి ఆ కంపు ముక్కుకు కొట్టింది. కొంచెం కాదు, గుప్పుమంది.

"కూసో అన్నా, చాయ్ పెడత" అని గంగామణి స్టౌ ముందు కూర్చుని అగ్గిపెట్టె తీసింది.

"ఆగు! అగ్గిపెట్టె కింద పెట్టు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కున్నాను.

"ఏమైంది? లైటు బంద్ చెయ్యాల్నా?" అని ముసలామె గోడ మీద స్విచ్ కోసం చెయ్యి చాపింది.

"స్విచ్ ముట్టకవ్వా! ఎలిగేది ఎలగనియ్! బయటికి నడువుండ్రి, ఇద్దరు!"

ఈ మాట గుర్తుంచుకోండి. గ్యాస్ నిండిన గదిలో స్విచ్ వేసినా నిప్పురవ్వే, తీసినా నిప్పురవ్వే. రెగ్యులేటర్ కట్టేశాను. కిటికీ, వెనక తలుపు బార్లా తీశాను. నేల మట్టాన నీళ్లు పోయే తూములో గుడ్డలు కుక్కి ఉన్నాయి. వానకు పందికొక్కులు వస్తున్నాయని ముందురోజే కుక్కారట. ఇన్నాళ్లూ నేల మీద పారిన గ్యాస్ ఆ తూములోంచే బయటికి పోతుండేది. తూమే వాళ్లను బతికించింది. ఆ గుడ్డలు పీకి పారేసి నేనూ బయటికి వచ్చి పడ్డాను.

ఇల్లు బాగా ఆరాక లోపలికి వెళ్లి, రెగ్యులేటర్ తిప్పి, పైపుకు నురగ పూశాను. నేల మీద పడి ఉన్న చోట, తడి ఆకు చుట్టిన గోనెపట్టా పక్కనే, బుసబుస బుడగలు. ఎలుక కొరికితే పైపు చివికినట్టు ఉంటుంది. ఇది నున్నగా, గీత గీసినట్టు ఉంది. వెంటనే మళ్లీ రెగ్యులేటర్ కట్టేసి, ముసలామె చాటలోని కత్తెర తీసి దాని మొన ఆ గాటు మీద పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది. ఆకు కత్తిరించి పక్కన పడేసినప్పుడల్లా కత్తెర ఆ పైపు మీదే పడుతోంది.

గంగామణి ఆ గాటును వేలితో తడిమింది. "మా చేతులతోనె చేసుకున్నమా? ఆయన్ను దొంగ అంటినే..." అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మిగతా ఇళ్లూ చూశాను. ఫిర్యాదు చేసిన ప్రతి ఇంట్లో పైపు మీద అలాంటి గాట్లే. కొన్నిచోట్ల ఒకటి, కొన్నిచోట్ల మరిన్ని.

కళ్లు మూసుకుని చెప్పు

లీకులు దొరికాయి, పైపులు మార్చాను. కానీ నన్ను వేరే ప్రశ్న తొలిచేస్తోంది. గడపలోనే నా ముక్కు పగిలేంత కంపు. లోపల కూర్చున్న ఇద్దరికీ ఎందుకు తెలియలేదు?

గంగామణి ఇంటి అరుగు మీద ఆడవాళ్లను కూర్చోబెట్టి ఒక ఆట ఆడించాను. కళ్లు మూసుకోమని, ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టి ఏమిటో చెప్పమన్నాను. దంచిన వెల్లుల్లి, ఇంగువ, కిరోసిన్ గుడ్డ, మల్లెపూలు. మొదట ఒకటే నవ్వులు. "ఇదేంది గిట్ల, పెండ్లిల ఆట లెక్క!" అని ఒకామె. వెల్లుల్లిని ఒకామె చింతపండు అన్నది. కిరోసిన్ పెడితే ఇంకొకామె, "నీళ్ల గుడ్డ" అంది. ముసలామె ఇంగువ ముందు చాలాసేపు ఆలోచించి, "ఏం పెట్టనే లేదు గద నువ్వు" అన్నది.

నవ్వులు తగ్గిపోయాయి. చిన్నప్పటి నుంచి రోజంతా తంబాకు దుమ్ములోనే ఉన్న ముక్కులు. పైగా ఒకే కంపు రోజూ కొద్దికొద్దిగా వస్తుంటే ఎలాంటి ముక్కైనా అలవాటు పడిపోతుంది. ఫిర్యాదు ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది. కంపెనీ కలిపిన కంపు ఊరందరికీ కాపలా, ఈ గల్లీకి మాత్రం లేదు.

గంగామణి మల్లెపూలను ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చింది. "పండుగకు పెట్టుకుంటనే ఉంటనన్నా. వాసన లేని పూలు అమ్ముతున్నరని పూలామెతోని కొట్లాడిన" అంది. పూలు కింద పెట్టి, "మా ముక్కు మళ్ల వస్తదా?" అని అడిగింది.

నాకు ఏడుపు వచ్చినంత పనైంది. డాక్టరును అడగమన్నాను.

చెప్పగలిగింది మాత్రం చెప్పాను. వంట అయిన ప్రతిసారీ రెగ్యులేటర్ కట్టండి, రాత్రికే కాదు. వారానికోసారి పైపుకు నురగ పూయండి, ముక్కు చేయలేని పని కన్ను చేస్తుంది. పైపు ఉన్న చోటికి కత్తెర తేవద్దు. తూము మూయవద్దు. స్టౌ పైన పెట్టండి.

"నిలవడి వండుకుంట బీడీలు ఎట్ల చెయ్యాలన్నా?" అని గంగామణి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. చాటల పని ముందు గదిలోకి మార్చి, వెనక గదిలో రెండు ఇటుక గోడల మీద షాబాద్ బండ వేసి స్టౌ పెట్టుకున్నారు. అన్నం అడుగంటితే వాసన తెలియదు కాబట్టి మాటిమాటికీ లేచి చూసుకోవాలి, ఆ మేరకు పని కుంటుపడుతుంది. వాళ్లకు అది నష్టమే. స్టౌలు తయారు చేసేవాళ్లు, పంచేవాళ్లు, బిగించే మేమూ, కూర్చుని పనిచేసే ఆడవాళ్ల గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు. ఇది నా గట్టి అభిప్రాయం. కొత్త ఇంటికి స్టౌ బిగించడానికి వెళ్తే, ఆ ఇంట్లో రోజంతా ఏం పని చేస్తారో ముందు అడగండి.

యూసుఫ్ భాయ్

మర్నాడు గంగామణి మరి ఇద్దరిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. జరిగిందంతా అప్పటికే నా దగ్గర విన్న యూసుఫ్ భాయ్ సిలిండర్లకు తాడు బిగిస్తున్నాడు.

"యూసుఫ్ అన్నా, గల్తీ మాదే. నిన్ను బద్నాం చేసినం. మాఫ్ చెయ్యి."

ఆయన తల ఎత్తలేదు. "దొంగ అన్నది గల్లీ నడుమల. మాఫ్ అడిగేది ఆఫీసులనా?" అన్నాడు. నాకూ ఆయన మాటే సబబనిపించింది.

మేడం బయటికి వచ్చింది. "యూసుఫ్, నీ మనసు నాకు ఎరుకే. నువ్వు ఆ గల్లీకి పోవద్దు. ఇంకో మనిషిని పంపుత."

యూసుఫ్ భాయ్ తాడు ముడి వేసి చేతులు దులుపుకున్నాడు. "ఇంకో మనిషి గల్లీ మొదట్ల దింపి పోతడు మేడం. ఇంట్లకు పోయి వాసన ఎవరు సూస్తరు? ఆ గల్లీల ముక్కులు లేవు" అన్నాడు. "కోపం ఉన్నది. ఉండనీయ్. నేనే పోత."

నేను పైపుల సంచి భుజాన వేసుకుని రిక్షా వెంట నడిచాను. గంగామణి మాకంటే ముందే, పరుగు లాంటి నడకతో వెళ్లిపోయింది. మేం గల్లీ మొదట్లో రిక్షా ఆపేసరికి, మొన్న ఆయన్ను దొంగ అన్న చోటే నిలబడి ఉంది. గొంతెత్తి, చివరి ఇంటిదాకా వినపడేలా అంది:

"యూసుఫ్ అన్న దొంగ కాదు, నేనే తప్పు మాట్లాడిన! మన పానం సూసెతందుకు వచ్చిండు! తలుపులు తియ్యిండ్రే!"

చాటలు పక్కన పెట్టి ఆడవాళ్లు లేచారు. గల్లీ పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి. యూసుఫ్ భాయ్ మొదటి ఇంటి గడప బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు.